పద్దెనిమిదేళ్ళ దూది

2022లో నేను మలేసియాలోని ఇపో పట్నంలో ఒక ప్రభుత్వ ఆస్పత్రిలో చెవి, ముక్కు, గొంతు విభాగానికి అధిపతిగా ఉన్నాను. పదవీ విరమణకు ఇంకా ఏడాదికి పైగా ఉంది. ఆ ఫిబ్రవరిలో నా భార్య చనిపోయింది. సెలవు అయిపోగానే పనిలో చేరాను. ఇంట్లో ఏ పుస్తకం తెరిచినా మొదటి పేజీ దాటలేకపోయేవాణ్ణి. క్లినిక్‌లో ఆడియోగ్రాములు, అంటే వినికిడి పరీక్షల గీతలు, మాత్రం చదవగలిగేవాణ్ణి. ఇప్పుడు చెప్పబోయేది ఏప్రిల్‌లో ఒక గురువారం నాటి సంగతి.

మా విభాగంలో అంతస్తులు ఇలా ఉండేవి. అందరికన్నా కింద హౌస్‌మన్, అంటే కొత్తగా డిగ్రీ పుచ్చుకుని శిక్షణలో ఉన్న డాక్టరు. ఆ పైన మెడికల్ ఆఫీసరు, మా వాడుకలో ఎంఓ. ఆ పైన స్పెషలిస్టులు, వాళ్ళ పైన నేను. వచ్చినవాళ్ళలో ఎక్కువమందిని ఎంఓలే చూసి, మందు రాసి పంపేస్తారు. ఒక మనిషి ఒక ఉద్యోగానికి ఆరోగ్యరీత్యా తగునా తగదా అని తేల్చే నివేదిక మాత్రం స్పెషలిస్టు సంతకం లేకుండా గడప దాటదు. ఆ నియమం లేకపోతే హేమలత చెవి నా దాకా వచ్చేది కాదు.

ఆ మధ్యాహ్నం మా ఎంఓ అమీరుల్ నా గదికి వచ్చి, టైపు చేసిన నివేదిక బల్లమీద పెట్టాడు. తెలివైనవాడు, చురుకైనవాడు. చెవిలోకి ఒకసారి చూసి రోగం పేరు చెప్పగలగడం ఆ వయసులో గొప్పగానే ఉంటుంది. ఆ నివేదికలో సంగతి ఇది. రోగి పేరు హేమలత, వయసు ఇరవైమూడు. ఐదో ఏట రెండు చెవులకూ గ్రోమెట్లు పెట్టారు. ఒక విమాన సంస్థలో క్యాబిన్ ఉద్యోగానికి ఎంపికైంది. సంస్థ ప్యానెల్ డాక్టరు పరీక్షించి, ఎడమ కర్ణభేరికి చిల్లు ఉంది, అందులోంచి స్రావం వస్తోంది, తగదు అని రాశాడు. శుక్రవారం సాయంత్రంలోగా స్పెషలిస్టు నివేదిక తెస్తే మళ్ళీ ఆలోచిస్తామని సంస్థ ఆమెకు చెప్పింది. లేదంటే సోమవారం మొదలయ్యే శిక్షణలో ఆమె కుర్చీ ఇంకొకరికి పోతుంది.

అమీరుల్ కూడా చిల్లే చూశాడు. అతని లెక్కలో ఇక నా సంతకం తప్ప మిగిలిందేమీ లేదు. ఆ అమ్మాయి బయట ఏడుస్తోందా అని అడిగాను. లేదట, వాళ్ళ కుటుంబం ఏడవనివ్వడం లేదట. ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు.

గ్రోమెట్ సంగతి రెండు ముక్కల్లో చెప్పాలి. చిన్నపిల్లల్లో కొందరికి కర్ణభేరి వెనక, గాలి ఉండాల్సిన చోట, జిగురులాంటి ద్రవం చేరుతుంది. పిల్ల పిలిస్తే పలకదు, బడిలో వెనకబడుతుంది. అప్పుడు కర్ణభేరిలో చిన్న గాటు పెట్టి, బియ్యపు గింజ కన్నా చిన్నదైన గొట్టం ఒకటి ఇరికిస్తాం. దాంతో లోపలికి గాలి ఆడుతుంది, పిల్లకు మళ్ళీ వినబడుతుంది. ఏడాది లోపు గొట్టం దానంతట అదే ఊడి బయటికి వచ్చేస్తుంది, గాటు పూడిపోతుంది. చాలామంది విషయంలో కథ అక్కడితో సరి. కొందరికి పెద్దయ్యాక కూడా గుర్తులు మిగులుతాయి. ఒకటి సుద్దతో మెత్తినట్టు తెల్లటి మచ్చ, దాంతో పెద్దగా నష్టం లేదు. రెండోది పలచబడిన చోటు. కర్ణభేరికి మూడు పొరలుంటాయి. గాటు పూడినప్పుడు బలమైన నడిమి పొర ఒక్కోసారి మళ్ళీ పెరగదు. మిగిలిన పల్చటి తోలు ఎంత పారదర్శకంగా ఉంటుందంటే, దాని వెనకున్న చీకటే కనబడుతుంది తప్ప అది కనబడదు. చేతి దీపంతో చూసేవాడికి గుండ్రటి నల్లటి చిల్లు కనబడుతుంది.

అందుకని సంతకం పెట్టలేదు. అమ్మాయిని మైక్రోస్కోపు గదికి పంపమన్నాను.

హేమలతతో పాటు ఒక స్కూలు వ్యానుకు సరిపడా జనం వచ్చారు. అది నిజంగా స్కూలు వ్యానే. బగాన్ దాతో అనే ఊళ్ళో పిల్లల్ని బడికి దించే ఆమె మేనమామ సింహాద్రి ఆ పూట ఇంకొకరికి పని అప్పజెప్పి, ఇంట్లో ఉన్నవాళ్ళందరినీ ఎక్కించుకొచ్చాడు. మిగతావాళ్ళను సిస్టర్ లెచ్చుమి వరండాలో ఆపింది. అమ్మాయి, సింహాద్రి, అతని తల్లి నూకమ్మ లోపలికి వచ్చారు. తల్లి లేని హేమలతను పెంచింది ఈ అమ్మమ్మే.

ఇక్కడ మన తెలుగువాళ్ళు బయటివాళ్ళతో తమిళంలో మాట్లాడటం రివాజు కాబట్టి నేనూ తమిళంలోనే కూర్చోమన్నాను. నూకమ్మ కూర్చుంది. నన్ను కింది నుంచి పైదాకా చూసి, కొడుకు వైపు తిరిగి తెలుగులో అంది:

“ఈ బాబుకి ఇంట్లో ఇస్త్రీ సేసేవోలు నేరేటిరా? సొక్కా సూడు, కుక్క నమిలినట్టున్నాది.”

“ఊరుకోయే అమ్మా. డాక్టర్ లా,” అన్నాడు సింహాద్రి, ఇక్కడ అందరూ మాట చివర తగిలించే ‘లా’ అనే ఊతపదంతో.

“ఉండేదమ్మా. ఫిబ్రవరిలో పోయింది,” అన్నాను తెలుగులోనే.

సింహాద్రి కుర్చీలో ఒక అంగుళం కిందికి జారాడు. హేమలత మొహం చేతుల్లో దాచుకుంది. నూకమ్మ మాత్రం ఏమీ కంగారుపడలేదు.

“మరైతే నువ్వే నేర్సుకో బాబూ,” అంది. “నేర్సుకుంటే వచ్చేస్తాది.”

రెండు నెలలుగా నా దగ్గర అందరూ గొంతు తగ్గించి మాట్లాడేవారు. నేను నవ్వాను. నవ్వు ఆగలేదు. లెచ్చుమికి ఆ తెలుగు మాటలు సగమే అర్థమైనా, నా చొక్కా వంక చూసి మిగతా సగం పోల్చుకుంది. ఆమె కూడా నవ్వు ఆపుకోలేక ట్రేలో పరికరాలు సర్దుతున్నట్టు గోడవైపు తిరిగింది. ఆ తర్వాత గదిలో మర్యాదగా పని జరగడానికి వీల్లేకపోయింది.

మైక్రోస్కోపు కింద అమ్మాయి ఎడమ చెవి చూశాను. మొదట కనబడింది నూనె. చెవి రంధ్రం గోడలన్నీ మెరుస్తున్నాయి. కర్ణభేరి అంచున ఒక చిన్న నూనె మడుగు, అందులో దూది పోగు ఒకటి. ప్యానెల్ డాక్టరుకు స్రావంగా కనబడింది ఇదే అయ్యుండాలి. చెవిలో నూనె పోశారా అని అడిగాను. నూకమ్మ నొచ్చుకుంది. పోయలేదు, తానంత తెలివితక్కువది కాదు అంది. తన సంచి తెరిచి, ఒక దూది చుట్ట, పాత హార్లిక్స్ సీసాలో కొబ్బరినూనె తీసి నా బల్లమీద పెట్టింది.

“ఆస్పత్రిలో మిస్సీ సెప్పినాది. తలకి పోసుకున్నప్పుడల్లా సెవిలో దూది ఎట్టాలి, నీళ్ళు పోకూడదు అని. దూదికి వాజలీను రాయమన్నాది. నాను నూనె రాసినాను.”

మిస్సీ అంటే ఇక్కడ నర్సు. ఎప్పుడు చెప్పింది అన్నాను. గొట్టాలు పెట్టిన రోజున అంది. అంటే పద్దెనిమిదేళ్ళ కిందట.

“ఎన్నాళ్ళు పెట్టమన్నారు?”

“ఎన్నాళ్ళని సెప్పనేదు. ఆపమని ఎవులూ సెప్పనేదు,” అంది నూకమ్మ. “నాను ఆపనేదు.”

ఆ నర్సు చెప్పినదాంట్లో తప్పు లేదు. గొట్టం చెవిలో ఉన్నంత కాలం చాలా ఆస్పత్రులు అదే చెప్పేవి. గొట్టం ఏడాదికే ఊడిపోయింది. సలహా ఊడలేదు. శనివారం తలంటుకూ, దీపావళికీ, వానలో తడిసి వచ్చిన ప్రతిసారీ ఈ కుటుంబం నూనె దూది తయారు చేసింది. అమ్మాయి కౌలాలంపూర్‌లోని బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఒక హోటల్ రిసెప్షన్‌లో ఉద్యోగానికి చేరాక కూడా, వారాంతం ఇంటికి వస్తే దూది సిద్ధంగా ఉండేది. ప్యానెల్ పరీక్ష అలాంటి ఒక వారాంతం మర్నాడే, సోమవారం జరిగింది. మా దగ్గరికి వచ్చేది శుభమైన పని కాబట్టి ఈ గురువారం ఉదయం కూడా తలంటి తీసుకొచ్చారు.

నూనె ఉండగా ఏమీ తేల్చలేం. సన్నటి గొట్టంతో పీల్చి తీయాలి, దాన్ని సక్షన్ అంటాం. ఆ గాలి చల్లదనం లోపలి చెవికి తగిలితే కాసేపు తల తిరుగుతుంది. ఆ సంగతి ముందే చెప్పాను. అయినా, సక్షన్ మొదలుపెట్టగానే హేమలత కుర్చీ చేతులు రెండూ పట్టుకుంది.

“డాక్టర్, పూసింగ్ లా,” అంది. పూసింగ్ అంటే మలయ్‌లో కళ్ళు తిరగడం. “రూమ్ మొత్తం తిరుగుతున్నాది. మామ కూడా తిరుగుతున్నాడు.”

భయపడుతోందనుకుని ఆపాను. భయం కాదు, కిలకిలా నవ్వుతోంది. ఆపొద్దంది. మూడు రోజులుగా ఏడుపు మింగుకుని ఉన్న పిల్లకు ఆ తిరుగుడు ఎక్కడో తలుపు తీసినట్టుంది. సింహాద్రి తనను చూసి నవ్వుతోందనుకుని నిటారుగా కూర్చున్నాడు. అది చూసి ఆమె ఇంకా నవ్వింది.

నూనె పోయింది. చెవి గోడలు పొడిగా, ఆరోగ్యంగా ఉన్నాయి. కర్ణభేరి ముందు భాగంలో చంద్రవంకలా తెల్లటి మచ్చ. దాని కిందే గుండ్రంగా, నల్లగా, అమీరుల్ చెప్పిన చిల్లు. మైక్రోస్కోపులో కూడా అది చిల్లులాగే ఉంది. నాకు అనుమానమే తప్ప రుజువు లేదు.

రోగి నోటి మాట కూడా పరీక్షలో భాగమే. ఎప్పుడైనా చెవిలోకి నీళ్ళు పోయాయా, పోతే చీము కారిందా అని అడిగాను. చిల్లున్న చెవిలోకి నీళ్ళు పోతే సాధారణంగా ఊరుకోదు. జవాబు నూకమ్మ చెప్పింది. ఒక్క చుక్క పోలేదట. తాను బతికుండగా పోదట.

హేమలత తన గోళ్ళ వంక చూసుకుంటోంది.

“అమ్మమ్మా,” అంది, “నేను స్విమ్మింగ్ నేర్చుకున్నా.”

ఆ ఉద్యోగానికి ఈత వచ్చి తీరాలట. ఆరు నెలలుగా కౌలాలంపూర్‌లో పని ముగిశాక కొలనుకు వెళ్తోంది. నూకమ్మ ఒకటే అడిగింది.

“దూది ఎట్టుకున్నావా?”

“లేదు.”

నూకమ్మ మెల్లగా కొడుకు వైపు తిరిగింది. నీకు తెలుసా అని అడిగింది. తనకేటి తెలుసని సింహాద్రి ఫ్యాను వంక చూశాడు. ఈత బట్టలు కొన్న రోజున వ్యాను తోలింది ఎవరని అడిగింది. నాకు వాళ్ళ తగాదాతో పని లేదు, అమ్మాయి జవాబుతో పని. ఆరు నెలల ఈతలో చెవి ఒక్కసారి కూడా కారలేదు. ఇది మంచి కబురే, కానీ నివేదికలో రాయదగ్గ రుజువు కాదు.

రుజువుకు మా దగ్గర టింపనోమీటరు అనే యంత్రం ఉంది. చెవిని రబ్బరు మూతతో బిగించి, గాలి ఒత్తిడి పెంచుతూ తగ్గిస్తూ కర్ణభేరి ఎంత ఊగుతుందో గీత గీస్తుంది. చిల్లుంటే గీత నేలబారుగా పోతుంది, చెవి ఘనపరిమాణం ఉండాల్సినదాని కన్నా చాలా ఎక్కువ చూపిస్తుంది, ఎందుకంటే యంత్రం చిల్లు గుండా లోపలి గదిని కూడా కలిపి కొలుస్తుంది. మా ఆడియాలజిస్టు మొదటిసారి పెట్టగానే మిగిలిన నూనె యంత్రపు మొనలోకి ఎక్కి అది మొరాయించింది. మొన మార్చి రెండోసారి పెట్టింది. ఘనపరిమాణం మామూలుగా ఉంది. గీత మాత్రం పైకి ఎగబాకి, ఎగబాకి, కాగితం పై అంచు దాటిపోయింది. గట్టి కర్ణభేరి అలా ఊగదు. చిల్లున్నది అసలు ఊగదు. వదులుగా, పల్చగా, అయినా మూసుకునే ఉన్నది ఒక్కటే అంతగా ఊగుతుంది.

అమీరుల్ కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు. యంత్రంలోకి నూనె పోయింది కదా సార్, లెక్క తప్పు రావచ్చు కదా అన్నాడు. ప్యానెల్ డాక్టరు కూడా ఇదే అడుగుతాడు కాబట్టి ఆ ప్రశ్న నాకు నచ్చింది. అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటి నా మనసులో ఉంది, అది అతనికి చెప్పాను. చిల్లు లేకపోయినా సరే, ఈ చెవిలోకి గాలి వెళ్ళగలగాలి. ముక్కు వెనక నుంచి మధ్య చెవికి ఒక సన్నటి దారి ఉంటుంది. విమానం దిగేటప్పుడు ఆ దారి తెరుచుకోకపోతే కర్ణభేరి లోపలికి లాక్కుపోతుంది. పల్చటి కర్ణభేరి రోజుకు నాలుగుసార్లు అలా లాక్కుపోతే కొన్నాళ్ళకు నిజంగానే చిరుగుతుంది. దారి మూసుకుని ఉంటే నేనూ తగదనే రాయాలి.

అది తేల్చడానికి సులభమైన పద్ధతి ఉంది. ముక్కు మూసుకుని, నోరు మూసుకుని, మెల్లగా గాలి ఊదాలి. దారి తెరుచుకుంటే కర్ణభేరి కదులుతుంది. నేను కెమెరా ఉన్న ఎండోస్కోపు చెవిలో పెట్టి తెరమీద చూస్తాను. హేమలతను ఊదమన్నాను. బుగ్గలు బూరెల్లా ఉబ్బాయి. తెరమీద ఏమీ కదల్లేదు. మళ్ళీ ఊదమన్నాను. మళ్ళీ బుగ్గలే.

కారణం నూకమ్మే చెప్పింది. ముక్కు గట్టిగా చీదకూడదని కూడా ఆ రోజు మిస్సీ చెప్పిందట. అంచేత ఈ పిల్ల పద్దెనిమిదేళ్ళుగా ముక్కు తుడుచుకుంటుందే తప్ప చీదదు. ముక్కులోకి గాలి తోయడం ఆమెకు అసలు తెలియదు.

బయట కూర్చుని సాధన చేయమని పంపాను. తొందరపడొద్దు, గట్టిగా వద్దు అన్నాను. ఈలోగా ఇంకొక రోగిని చూశాను. తర్వాత తలుపు తీస్తే, వరండాలో రెండు బల్లలమీద వ్యానులోని జనమంతా వరసగా ముక్కులు పట్టుకుని, బుగ్గలు ఉబ్బించి, కళ్ళు మిటకరించి ఉన్నారు. ఎవరికీ చెప్పలేదు, ఎవరికి వాళ్ళే మొదలుపెట్టారు. వినికిడి యంత్రం కోసం వచ్చిన ఒక చీనా తాత కూడా సంగతేమిటో అడక్కుండానే కలిశాడు. నూకమ్మ ముందు నిలబడి ఒక్కొక్కరినీ తనిఖీ చేస్తోంది. సింహాద్రి మరీ గట్టిగా ఊది, కళ్ళు తిరిగి, మోకాళ్ళమీద తల పెట్టుకున్నాడు. అమీరుల్ అతని నాడి చూస్తున్నాడు, రెండో చేత్తో తన ముక్కు తాను పట్టుకుని.

తలుపు వేసి, గోడకు ఆనుకుని కాసేపు నవ్వుకున్నాను. పని గదిలో అలా నవ్వడం నా ఉద్యోగంలో ఆ రోజుకు ముందు లేదు.

హేమలతను మళ్ళీ కుర్చీలో కూర్చోబెట్టాను. ఈసారి నూకమ్మ తెర పక్కనే నిలబడతానంది. ఎండోస్కోపు పెట్టాను. తెరమీద తెల్లటి చంద్రవంక, దాని కింద నల్లటి గుండ్రం. ఊదింది. కదల్లేదు. ఇంకోసారి. కదల్లేదు. అమ్మాయి నవ్వు మొహం వాడిపోయింది. ఇంకొక ప్రయత్నం చేద్దాం, కాకపోతే రేపు ఉదయం చూద్దాం అన్నాను. రేపు ఉదయానికి కొత్తగా దారి తెరుచుకోదని నాకు తెలుసు. ఆమెకూ తెలిసినట్టే ఉంది. ముక్కు పట్టుకుంది, నోరు బిగించింది.

“గాల్లో ఎగిరే ఉద్యోగం గావాలంట,” అంది నూకమ్మ తెర వంక చూస్తూ, ఎవరితోనూ కాదన్నట్టు. “ముక్కులో గాలి సెవిలోకి ఎక్కదు. ఇది ఇమానాన్ని ఎక్కిస్తాదంట.”

హేమలతకు నవ్వొచ్చింది. ముక్కు మూసి ఉంది, నోరు మూసి ఉంది, ఆ నవ్వుకు పోవడానికి ఇంకో దారి లేదు. టప్‌మన్న చప్పుడు ఆమెకు లోపల వినబడిందట. నాకు తెరమీద కనబడింది. ఆ నల్లటి గుండ్రం వణికి, మా వైపుకు ఉబ్బి, పల్చటి మెరిసే బుడగలా నిలిచింది. దానిమీద దీపం వెలుగు చుక్కలా పడింది.

“ఓలమ్మ,” అంది నూకమ్మ. “పూరీ పొంగినాది.”

అమీరుల్ తెర దగ్గరికి వంగాడు. చిల్లు పొంగదు సార్ అని మెల్లగా అన్నాడు. ఆ తర్వాత తను టైపు చేసిన నివేదికను తానే సగానికి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఒక్కసారి సరిపోదు కాబట్టి మళ్ళీ చేయించాను. చెవిలోకి గాలి ఎక్కడం ఎలా ఉంటుందో ఒకసారి తెలిశాక ఆమెకు ఇక నవ్వు సాయం అక్కర్లేకపోయింది. మెల్లగా ఊదితే పొంగింది, మింగితే దిగింది. కుడి చెవి కూడా అంతే. వినికిడి పరీక్షలో రెండు చెవులూ మామూలుగా ఉన్నాయి. అప్పుడు నేనే కూర్చుని నివేదిక రాశాను. ఎడమ కర్ణభేరి పూర్తిగా మూసుకునే ఉంది, చిన్నప్పటి గ్రోమెట్ తాలూకు పలచబడిన భాగం, సుద్ద మచ్చ ఉన్నాయి, స్రావం లేదు, ముందు కనబడింది పైనుంచి వాడిన నూనె, గాలి దారి రెండువైపులా పనిచేస్తోంది, ఉద్యోగానికి తగును. టింపనోమీటరు గీతనూ, తెరమీద తీసిన రెండు ఫొటోలనూ జతచేశాను. ఒకటి పొంగక ముందు, ఒకటి పొంగాక.

తర్వాత వాళ్ళకు చెప్పాల్సింది చెప్పాను. నూనె దూది ఈరోజుతో ఆపేయాలి. ఈత కొట్టొచ్చు. ముక్కు చీదొచ్చు. నీళ్ళ అడుక్కి దిగే డైవింగ్ మాత్రం వద్దు, ఆ ఒత్తిడికి పల్చటి చోటు తట్టుకోదు. నూకమ్మ ప్రతి మాటకూ తల ఊపింది. దూది చుట్టనూ సీసానూ సంచిలో పెట్టుకోబోయి, నా వంక చూసి, దూదిని మాత్రం లెచ్చుమి ట్రేలో వదిలేసింది. నూనె వంటకు పనికొస్తుందంది.

పని అయిపోయిందనుకున్నాను. తలుపు దగ్గర సింహాద్రి ఆగాడు. ఒక చిన్న మాట అడగొచ్చా అన్నాడు. ఎనిమిదో ఏట పచ్చకామెర్లు వచ్చినప్పుడు కోడిగుడ్డు తినొద్దని డాక్టరు చెప్పాడట. ఇప్పుడు అతనికి యాభై దాటింది. ఇంకా తినడం లేదు.

“ఆపమని ఎవులూ సెప్పనేదు డాక్టర్,” అన్నాడు.

ఇది నా శాఖ కాదు. అయినా, మిగతా ఒంటి ఆరోగ్యం సంగతి అడిగి తెలుసుకుని, తినొచ్చని చెప్పాను. వరండాలో ఆ వార్త బల్ల ఈ చివరి నుంచి ఆ చివరికి పాకింది. ఒక పిన్నిగారు నాలుగో కాన్పు నాటి నుంచి రోజూ బార్లీ నీళ్ళు తాగుతోంది, ఆ పిల్లవాడు ఇప్పుడు సైన్యంలో ఉన్నాడు. ఒక బాబాయికి హెర్నియా ఆపరేషన్ అయ్యాక కుడివైపు తిరిగి పడుకోవద్దన్నారు, అతను ముప్పై ఏళ్ళుగా గోడవైపు మొహం పెట్టుకునే పడుకుంటున్నాడు, గోడ కుడివైపు ఉన్న ఇంటికి మారినప్పుడు మంచమే తిప్పుకున్నాడు. వరస కట్టారు. నాకు తెలిసినవి అక్కడికక్కడే రద్దు చేశాను, తెలియనివి సంబంధించిన శాఖకు పంపాను. రద్దయినవాళ్ళు జైలు నుంచి వచ్చినట్టు బయటికి నడిచారు. లెచ్చుమి నవ్వి నవ్వి పొట్ట పట్టుకుని కూర్చుంది. చీనా తాత కూడా వరసలో నిలబడ్డాడు, కానీ ఆయనకు ఎవరూ ఎప్పుడూ ఏదీ వద్దని చెప్పలేదట, ఊరికే నిలబడ్డాడట.

హేమలత నివేదికను ప్యానెల్ డాక్టరు శుక్రవారం చదివి, ఆమెను పిలిపించి మళ్ళీ పరీక్షించాడు. ఈసారి చెవిలో నూనె లేదు. ముక్కు మూసి ఊదించి, చిల్లనుకున్నది పొంగడం తన కళ్ళతో చూసి, తగును అని రాశాడు. సోమవారం ఆమె శిక్షణలో చేరింది. ఈ కబురు ఫోనులో చెప్పింది సింహాద్రి. చెబుతున్నంతసేపూ ఏదో నములుతున్నాడు. గుడ్డు అని అతనే చెప్పాడు.

ఈ ఉదంతం తర్వాత మా విభాగంలో ఒక మార్పు చేశాను. ఆపరేషన్ తర్వాత ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే ప్రతి సూచన పక్కనా అది ఎప్పటితో ముగుస్తుందో రాయాలి. గొట్టం ఊడే వరకు, ఆరు వారాలు, మళ్ళీ మేము చూసే దాకా, ఇలాగ. అమీరుల్‌కు మొదట్లో ఇది అదనపు పనిగా తోచింది. మూడు నెలల తర్వాత కొత్త హౌస్‌మన్‌లకు దీన్ని అతనే నేర్పించడం విన్నాను.

రోగులు మాట వినరని మా వృత్తిలో ఒక అభిప్రాయం ఉంది. అది సగమే నిజం. వినేవాళ్ళు చాలామంది ఉన్నారు, మనం ఆపమనే దాకా వింటారు. కాబట్టి సలహా ఇచ్చినవాడే దాన్ని ఎప్పుడు ఆపాలో కూడా చెప్పాలి. ముగింపు లేని సలహాలు కొన్ని ఉంటాయి, వాటిని అలాగే చెప్పాలి. హేమలత కాగితంలో అలాంటిది ఒకటి రాశాను: జలుబుతో ముక్కు మూసుకుపోయిన రోజున విమానం ఎక్కకూడదు. దాని పక్కన, ఈ ఉద్యోగం చేసినంత కాలం అని రాశాను.